మూడు రోజులకని అప్పగించిన పిల్ల

చెబుతాను, వినండి. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టలేనివాళ్ళు కళ్ళు మూసుకుని వినండి. ఇది ఎప్పటి మాట అని మాత్రం అడగొద్దు. ఇప్పుడున్న ఏరు అప్పట్లో ఇంకో రెండు చేల అవతల పారేది. ఇప్పుడు మనం నడిచే దారులు అప్పటికి మేకలకి కూడా తెలియవు. అంత పాత మాట.

ఆ ఏటి ఒడ్డున తిప్పన్న అని ఒక చాకలి ఉండేవాడు. ఆయనకి ఉన్నవి మూడు. ఒక గాడిద, బట్టలు ఉడకేసే ఒక బాన, ఉతికే ఒక బండ. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. మాట తక్కువ మనిషి. నలుగురిలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కానీ నీళ్ళలోకి దిగితే ఆయన దారి వేరు. బండమీద గుడ్డ కొట్టినప్పుడల్లా "ఇస్సో" అని ఊపిరి వదిలేవాడు. దెబ్బకో ఇస్సో, ఇస్సోకో దెబ్బ. ఆ చప్పుడు ఏటికి అటూ ఇటూ వినిపించేది. పొగమంచు పట్టిన రోజుల్లో పడవవాళ్ళు ఆ చప్పుడు పట్టుకునే ఒడ్డుకి వచ్చేవాళ్ళు.

మూడు ఊళ్ళ బట్టలు ఆయనవే. ప్రతి గుడ్డ అంచుమీద నల్లజీడి రసంతో ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఒక ఇంటికి చుక్క, ఒక ఇంటికి గీత, ఒక ఇంటికి నెలవంక. ఏ గుర్తు ఎవరిదో తిప్పన్నకి నోటికి వచ్చు. ఒకరి గుడ్డ ఒకరికి ఇచ్చిన రోజు లేదు. పండగ పూట కూడా ఒకరి ధోవతి తాను కట్టుకున్న రోజు లేదు. ఉతికినంత మాత్రాన గుడ్డ మనది కాదురా అని తండ్రి ఆయనకి చిన్నప్పుడే చెప్పాడు.

ఒక ఏడు వానలు ఇంకా పడకముందు, ఒక మధ్యాహ్నం, మొగుడూ పెళ్ళాం ఇద్దరు పరుగు పరుగున రేవుకి వచ్చారు. ఆమె చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. పడవ అప్పటికే తాడు విప్పుకుంటోంది.

అవతలి ఒడ్డు ఊళ్ళో ఆమె తల్లి చావుబతుకుల్లో ఉందట. ఊరంతా అమ్మవారు పోసిందట. కన్నతల్లి, పోకుండా ఉండలేరు. పసిపిల్ల, ఆ ఊళ్ళోకి తీసుకుపోలేరు. దారిలో దించుదామంటే తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు. ఆమె చుట్టూ చూసింది. రేవులో తిప్పన్న ఒక్కడే ఉన్నాడు.

"అన్నా, మూడంటే మూడు రోజులు. పిల్లని నీ దగ్గర ఉంచుకో," అంది.

తిప్పన్న బెదిరిపోయాడు. తనకి పిల్లల సంగతి తెలియదన్నాడు.

"గుడ్డల సంగతి తెలుసు కదా," అంది ఆమె. "ఆరేసిన గుడ్డ గాలికి పోకుండా ఎట్లా చూస్తావో, అట్లా చూడు."

పిల్ల పడుకోవడానికని తన పాత చీర ఒకటి మడిచి ఇచ్చి పడవెక్కేసింది. మొగుడు తిప్పన్న భుజం రెండుసార్లు తట్టాడు. తనూ ఎక్కాడు. పడవ కదిలింది.

ఏ ఊరు మీది అని తిప్పన్న అడగలేదు. పేరేమిటి అని అడగలేదు. పిల్ల పేరు కూడా అడగలేదు. మూడు రోజుల పనికి ఊరూ పేరూ ఎవరడుగుతారు?

మొదటి రోజు పిల్ల ఏడ్చింది. రెండో రోజు ఏడుపు మాని ఏమీ తినలేదు. మూడో రోజు తిప్పన్న ఏమీ పాలుపోక, పిల్లని చెట్టు నీడలో చీరమీద కూర్చోబెట్టి, తన పని తాను చేసుకున్నాడు. దెబ్బకో ఇస్సో, ఇస్సోకో దెబ్బ. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల నిద్రపోతోంది. లేచాక పిడికెడు అన్నం తింది.

ఆ సాయంత్రం పిల్ల చొక్కా ఉతికి ఆరేసి తొడిగాడు. మొహం కడిగాడు. ఎత్తుకుని ఒడ్డున నిలబడ్డాడు. పడవ రాలేదు.

పడవ బదులు నీళ్ళు వచ్చాయి. పైన ఎక్కడో కొండల్లో వానలు పడ్డాయి. ఏరు తొమ్మిది రోజులు పొంగింది. నాలుగో రోజు ఒడ్డు కోసుకుపోయింది. గుడిసె పోయింది. బాన పోయింది. బండ పోయింది. తిప్పన్న పిల్లని భుజాన ఎక్కించుకుని, చీర మూట నెత్తిన పెట్టుకుని, గాడిదని తోలుకుంటూ ఎగువకి నడిచాడు. కోసెడు దూరం పోయాక ఒక గుట్ట ఉంది. గుట్ట వెనక ఏరు మలుపు తిరిగినచోట, నీళ్ళలోకి దిగిన ఒక రాతిపరుపు కనిపించింది. అక్కడ ఆగిపోయాడు. కొత్త గుడిసె, కొత్త బాన, కొత్త రేవు.

ఇక్కడికి మారానని ఎవరికీ చెప్పలేదు. ఆ వానలో చెప్పడానికి ఎవరున్నారు? తర్వాత చెప్పాలని తోచలేదు. బట్టలిచ్చే మూడు ఊళ్ళవాళ్ళకి ఆయనే మూట మోసుకుపోయి ఇచ్చేవాడు, ఆయనే తెచ్చుకునేవాడు. ఆయన ఎక్కడ ఉతుకుతున్నాడో వాళ్ళకి పట్టలేదు.

గుట్ట పక్కనే కుమ్మరి నాగక్క ఇల్లు. మొగుడు పోయిన మనిషి, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఏరు తీసినాక తిప్పన్న పిల్లని ఆమెకి అప్పగించి అవతలి ఊరికి పోయాడు. ఊరు ఖాళీగా ఉంది. గుమ్మాలకి కట్టిన వేపమండలు ఎండిపోయి ఉన్నాయి. మిగిలినవాళ్ళు ఊరొదిలి తలోదిక్కూ వెళ్ళిపోయారు. అడుగుదామంటే మనిషి లేడు. తిరిగి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఒకటే. సంత జరిగే రోజు, వారానికి ఒకసారి, పిల్లని గాడిదమీద ఎక్కించుకుని పాత రేవు ఉన్నచోటికి పోయేవాడు. పొద్దు వాలేదాకా నిలబడేవాడు. తిరిగి వచ్చేవాడు. మిగతా రోజులు రేవూ, ఆ మూడు ఊళ్ళూ దాటి ఎక్కడికీ కదిలేవాడు కాదు. తను లేనప్పుడు వాళ్ళు వస్తే ఎట్లా అని ఆయన భయం.

వాళ్ళిక రారనీ, సొంత పిల్ల అనుకుని పెంచుకోమనీ నాగక్క చాలాసార్లు చెప్పి చూసింది.

"ఉతికినంత మాత్రాన గుడ్డ మనదవుతుందా అక్కా?" అనేవాడు తిప్పన్న.

పిల్లకి పేరు కూడా పెట్టలేదు. పేరు పెట్టడం కన్నవాళ్ళ పని అన్నాడు. నోరు తిరిగినప్పుడు పిల్ల ఆయన్ని ఒకసారి నాన్నా అని పిలిచింది. ఆయన కూర్చోబెట్టి, ఆ మాట వేరే ఆయనది తల్లీ, నన్ను మామా అని పిలువు అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం ఆ పిల్లని రేవు పిల్ల అనేవాళ్ళు.

ఒంటి మగాడు, పసిపిల్ల. ఎట్లా పెంచాడు అంటారా? మూడు విద్యలు నేర్చుకున్నాడు.

మొదటిది అన్నం పెట్టడం. సంకటి ముద్ద వేడివేడిగా నోట్లో పెడితే పిల్ల నాలుక కాలింది. అప్పటినుంచి ప్రతి ముద్దా తన పెదవికి ఆనించి చూసుకుని పెట్టేవాడు.

రెండోది జడ వేయడం. ఆయనకి తెలిసింది తడి దుప్పటి మెలేసి పిండటం ఒక్కటే. పిల్ల జుట్టునీ అట్లాగే మెలేశాడు. పిల్ల కళ్ళు పైకి లాక్కుపోయాయి. నాగక్క చూసి కడుపు పట్టుకుని నవ్వింది. మూడు పాయలు తీయడం నేర్పింది. నేర్చుకున్నాడు కానీ బిగువు మాత్రం తగ్గలేదు. ఆయన వేసిన జడ మూడు రోజులైనా ఊడేది కాదు.

మూడోది జవాబు చెప్పడం. అన్నిటికన్నా అదే కష్టమైంది. ఎందుకంటే ఆ పిల్ల అడగని ప్రశ్న లేదు. ఏరు ఎక్కడికి పోతుంది? గాడిద ఎందుకు నవ్వదు? చేపలకి నిద్ర ఎట్లా పడుతుంది? ఒకరోజు తడి దుప్పటిని ఎత్తబోయి ఎత్తలేకపోయింది. సాయంత్రం అదే దుప్పటిని ఒంటిచేత్తో ఎత్తింది.

"మామా, దీని బరువు ఎక్కడికి పోయింది?"

తిప్పన్నకి తెలియదు. తెలియదనే చెప్పాడు. ఆయన ఎప్పుడూ లేని జవాబు కల్పించేవాడు కాదు. తెలియదు తల్లీ, చూద్దాం అనేవాడు. మర్నాడు ఇద్దరూ ఒక తడి దుప్పటి ఆరేసి, పని మానుకుని, దాని ఎదురుగా కూర్చున్నారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూశారు. పొద్దున ఎండ పడగానే దుప్పటి మీదినుంచి పల్చగా ఆవిరి లేచింది. అట్లా పైకి పోతోంది మామా అంది పిల్ల. అవును తల్లీ, నలభై ఏళ్ళుగా ఆరేస్తున్నాను, ఒక్కనాడూ కూర్చుని చూడలేదు అన్నాడు తిప్పన్న. ఆ రోజు బట్టలు ఆలస్యమైనందుకు మూడు ఊళ్ళవాళ్ళూ తిట్టారు.

పిల్లకి గుర్తులు కూడా వచ్చేశాయి. మూట విప్పగానే ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడిగి అడిగి, చివరికి తనే చెప్పడం మొదలుపెట్టింది. ఇది కరణంగారిది. ఇది గానుగ ఇంటిది. ఇది పూజారమ్మది.

నాలుగేళ్ళప్పుడు ఒక రోజు, బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి సర్దేసి, చేతులు దులుపుకుని అడిగింది.

"మామా, నేను ఎవరిదాన్ని?"

"మీ అమ్మానాన్నల దానివి."

"వాళ్ళేరి?"

"మూడు రోజుల్లో వస్తామన్నారు."

పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మూడు రోజులంటే ఎన్ని రోజులు?"

తిప్పన్న సర్దిన బట్టలే మళ్ళీ సర్దాడు. చూద్దాం అని కూడా అనలేకపోయాడు.

ఆరేళ్ళప్పుడు మళ్ళీ అడిగింది. ఈసారి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఊళ్ళో పిల్లలు ఆటలో చేర్చుకోకుండా, నిన్ను మీవాళ్ళు వదిలేసి పోయారు అన్నారట.

"నిజంగా వదిలేశారా మామా?"

తిప్పన్న బండమీద గుడ్డ వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. "వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలియదు తల్లీ. నేను చూసింది చెబుతాను. పడవెక్కినవాళ్ళు ఎవరైనా పోయే దిక్కుకి తిరిగి కూర్చుంటారు. మీ నాన్న ఇటు తిరిగి కూర్చున్నాడు. అవతలి ఒడ్డు చేరేదాకా ఇటే చూస్తున్నాడు."

పిల్ల ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత పోయి ఆడుకుంది.

ఎనిమిదేళ్ళప్పుడు మూడోసారి అడిగింది. అయితే ఈసారి ప్రశ్న వేరే విధంగా వచ్చింది. తను పడుకునే పాత చీరని ఏటా మూడుసార్లు తిప్పన్న ఉతికి పెట్టేవాడు. ఆ ఏడు పిల్ల తనే ఉతుకుతానని పట్టుకుపోయింది. అంచు చేతికి తగిలింది. వెలిసిపోయిన గుర్తు. మూడు చుక్కలు, పక్కన ఒక అడ్డగీత.

"మామా, ఈ గుర్తు ఎవరిది?"

తిప్పన్నకి ఆ గుర్తు ఆరేళ్ళుగా తెలుసు. సంతకి పోతూ పాత రేవు దాటే చాకళ్ళందరికీ చూపించాడు. ఈ చుట్టుపక్కల గుర్తు కాదన్నారు వాళ్ళు. అదే చెప్పాడు.

"ఈ చుట్టుపక్కలది కాకపోతే దూరంది. దూరం పోయి అడిగితే తెలుస్తుంది కదా?"

"మనం పోయాక వాళ్ళు ఇక్కడికి వస్తే?"

"నాగక్కకి చెప్పిపోదాం. వస్తే కూర్చోబెడుతుంది."

అంత చిన్న మాట. ఆరేళ్ళలో తిప్పన్నకి తోచలేదు. ఆయన పిల్ల మొహం చూశాడు, గాడిద మొహం చూశాడు, లేచి మూట కట్టాడు.

మొదటి ఊరు ఒక పగటి నడక. అక్కడి చాకలి చీర అంచు ఎండకి ఎత్తి చూశాడు. ఎవరిదో తనకి తెలియదన్నాడు. కానీ ఇంటికి ఇన్ని చుక్కలని పెట్టే వాడుక దక్షిణాన ఉందన్నాడు. పొద్దున పూట ఎండ ఎడమచేతికి పెట్టుకుని నడవండి అన్నాడు.

రెండో ఊరు ఇంకో పగటి నడక. అక్కడ రేవులో ఇద్దరు అన్నదమ్ములు ఉతుకుతున్నారు. ఎవరిదో తమకీ తెలియదన్నారు. కానీ చుక్కల పక్కన అడ్డగీత తమ మేనత్త పెట్టేదన్నారు. ఆమె బండమీదిపల్లెలో ఉంది, కళ్ళు ఆనవు కానీ బతికే ఉంది, పోయి చూపించండి అన్నారు.

ఆ దారిలో పిల్ల ప్రశ్నలు తగ్గాయి. తిప్పన్న గమనించాడు. ఏం తల్లీ, ఏమీ అడగడంలేదే అన్నాడు. అడగాల్సినవన్నీ దాచుకుంటున్నాను మామా అంది.

మూడో ఊరు బండమీదిపల్లె. ఆ మేనత్త గుమ్మంలో కూర్చుని ఉంది. తిప్పన్న చీర ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె అంచు వేళ్ళతో తడిమింది. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది గౌరక్క చీర," అంది చివరికి. "పెళ్ళయిన కొత్తలో నేనే గుర్తు పెట్టాను. తల్లిని చూడటానికి పోయి, అక్కడే అమ్మవారి పాలబడింది. ఏడో రోజే పోయింది. మీరెవరు బాబూ?"

తిప్పన్న పిల్లని ముందుకి జరిపాడు. పిల్లే చెప్పింది. ముసలామె పిల్లని దగ్గరికి లాక్కుని చెంపలు తడిమింది. మొగుడు బసప్ప బతికాడనీ, అమ్మవారు ప్రాణం ఉంచి కళ్ళు తీసుకుపోయిందనీ, ఊరి చివర పందిట్లో తాళ్ళు పేనుకుంటూ ఉంటాడనీ చెప్పింది.

ముగ్గురూ పందిరి దగ్గరికి పోయారు. తిప్పన్న, పిల్ల, గాడిద. బసప్ప రెండు గుంజల మధ్య నార పేనుతున్నాడు. అడుగుల చప్పుడుకి చెయ్యి ఆపాడు.

"ఎవరది?"

"ఏటి రేవులో ఉతికే తిప్పన్నని."

బసప్ప చేతిలోని తాడు వదల్లేదు. పురి వీడకుండా గట్టిగా పట్టుకున్నాడు. "ఆ చాకలి పోయాడే," అన్నాడు.

అప్పుడు తెలిసింది జరిగింది. అమ్మవారు తగ్గి లేచి నడవడానికి బసప్పకి ఏడాది పట్టింది. నడవగానే కర్ర పట్టుకుని, అడుగడుగునా అడుగుతూ పాత రేవుకి వచ్చాడు. ఒడ్డున కూర్చుని చెవి పెట్టాడు. చాకలి ఉంటే బండ చప్పుడు వినిపించాలి. వినపడలేదు. మూడు రోజులు కూర్చున్నాడు. ఏటి చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో రోజు గొర్రెల కాపరి ఒకడు అటు వచ్చాడు. వాణ్ణి అడిగాడు. రేవు ఏట్లో కలిసింది, చాకలి పోయాడు, వాడితోపాటు ఒక చిన్నపిల్ల ఉండేది, ఆ పిల్లా పోయింది అన్నాడు వాడు. వాడి మాటలో అబద్ధం లేదు. ఇద్దరూ అక్కడినుంచి వెళ్ళిపోయారని వాడు చెప్పాడు. ఇద్దరూ చచ్చిపోయారని బసప్ప విన్నాడు.

"పోయానన్న మాట నిజమే తమ్ముడూ," అన్నాడు తిప్పన్న. "గుట్ట వెనక్కి పోయాను."

బసప్ప లేచాడు. తాడు జారిపోయింది. చేతులు ముందుకి చాచాడు. పిల్ల కదల్లేదు. దారి పొడుగునా దాచుకున్న ప్రశ్నల్లో ఏది ముందు అడగాలో దానికి తెలియలేదు. చివరికి ఒకటి అడిగింది.

"నా పేరేంటి?"

"సిద్ధమ్మ," అన్నాడు బసప్ప. "మా అమ్మ పేరు."

పిల్ల ఆ పేరు నోట్లోనే మూడుసార్లు అనుకుంది. కొత్త రవిక తొడుక్కుని చూసుకున్నట్టు అనుకుని చూసుకుంది. తర్వాత ఆ చేతుల మధ్యకి పోయి నిలబడింది. నార పేని పేని గరుకెక్కిన వేళ్ళు నుదురు తడిమాయి, చెంపలు తడిమాయి, జుట్టు తడిమాయి. జడ దగ్గర ఆగాయి.

"ఇంత బిగువుగా జడ ఎవరు వేశారే?"

"మామ."

బసప్ప నవ్వాడు. నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు.

తిప్పన్న చీర మడత విప్పి, మళ్ళీ మడిచి, బసప్ప పక్కన పెట్టాడు. ఇదిగో తమ్ముడూ నీ పిల్ల, ఇదిగో చీర, మూడు రోజులన్నారు, ఆరేళ్ళయింది, పిల్ల అన్నం వేడిగా తినదు, చూసుకో అన్నాడు. అన్ని మాటలు ఒక్కసారి ఆయన జీవితంలో మాట్లాడలేదు. గాడిద తాడు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

సిద్ధమ్మ తండ్రి చెయ్యి వదల్లేదు. మామ వెనకాల చూస్తూ నిలబడింది. ఎవరి వైపు నడవాలో దానికి తెలియలేదు.

"అన్నా, ఎక్కడికి?" అన్నాడు బసప్ప.

"రేవుకి. నానబెట్టిన బట్టలున్నాయి."

"దీని మొహం నాకు తెలియదు. నా మనసు దానికి తెలియదు. మా ఇద్దర్నీ ఎరిగినవాడివి నువ్వొక్కడివే. నువ్వు వెళ్ళిపోతే మేం ఒకరికొకరం ఎట్లా తెలిసేది? తాళ్ళు పేనడానికి ఈ ఊరే కావాలా నాకు? నీ రేవులో బట్టలు ఆరేయడానికి తాళ్ళు వద్దా?"

మర్నాడు నలుగురూ బయల్దేరారు. బసప్ప గాడిదమీద, తాడు తిప్పన్న చేతిలో, తండ్రి చెయ్యి సిద్ధమ్మ చేతిలో. కదిలేముందు బసప్ప పోయి ఆ ముసలి మేనత్తకి చెప్పివచ్చాడు.

దారిలో పాత రేవు దగ్గర ఆగారు. తనెక్కడ కూర్చున్నాడో బసప్ప పాదంతో వెతికి చూపించాడు. సంత అయిన మర్నాడు వచ్చానని చెప్పాడు. తిప్పన్న అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. ఒక సంతకీ ఇంకో సంతకీ నడుమ, కోసెడు దూరంలో, తను బట్టలు ఉతుకుతున్నాడు. గుట్ట అడ్డం వచ్చి చప్పుడు ఇటు రాలేదు. ఆ పిల్ల తండ్రి ఇక్కడ మూడు రోజులు చెవి పెట్టి కూర్చున్నాడు.

"ఒక్కరికి చెప్పి ఉంటే సరిపోయేది," అన్నాడు. "గుట్ట వెనక్కి అని ఆ గొర్రెలవాడితో ఒక్క మాట."

బసప్ప ఓదార్చాడు. సిద్ధమ్మ ఓదార్చింది. కానీ ఆ బాధ ఆయన్ని వదల్లేదు. ఆయన్ని మార్చింది.

మాట తక్కువ మనిషి అడగడం మొదలుపెట్టాడు. రేవు దాటే ప్రతి మనిషినీ ఆపేవాడు. ఎక్కడికి పోతున్నారు? ఎన్నాళ్ళకి వస్తారు? మీకోసం ఎవరైనా వస్తే ఏమని చెప్పమంటారు? మొదట్లో జనం విసుక్కున్నారు. చాకలికి ఇవన్నీ ఎందుకు అన్నారు. పిల్ల దొరికాక వీడికి మతి చలించింది అన్నారు. తర్వాత ఒక కరువొచ్చింది. మూడు ఇళ్ళవాళ్ళు పశువుల్ని తోలుకుని వలసపోయారు. నాలుగేళ్ళకి వాళ్ళ తమ్ముడొకడు దండులోంచి తిరిగి వచ్చాడు. ఇళ్ళకి తలుపుల్లేవు, లోపల మనుషుల్లేరు. తన వాళ్ళందరూ చచ్చిపోయారని వాడు ఏడుస్తూ ఏటికి వచ్చాడు. పడమటి చెరువుకట్ట పనికి వెళ్ళారనీ, చిన్నవాడి పెళ్ళి కూడా అక్కడే అయిందని కబురొచ్చిందనీ, తమ్ముడు వస్తే పంపించమన్నారనీ తిప్పన్న చెప్పాడు. వాడు ఏడుపు ఆపి నడిచాడు. పోయి కలిశాడు.

అప్పటినుంచి ఎవరు కదిలినా వాళ్ళే వచ్చి తిప్పన్నకి చెప్పేవాళ్ళు. ఎవరు వెతుక్కుంటూ వచ్చినా ముందు రేవుకే వచ్చేవాళ్ళు. ఆయన రాసుకోలేదు, రాయడం రాదు. అయినా ఒకరికి చెప్పాల్సిన మాట ఇంకొకరికి చెప్పలేదు. పక్కన బసప్ప తాళ్ళు పేనుతుండేవాడు. తిప్పన్న ఎక్కడైనా తడుముకుంటే అందించేవాడు. సిద్ధమ్మ పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఆ గుట్ట పక్కనే కాపురం పెట్టింది. ఆమె పిల్లలకి మొదటి ముద్ద పెట్టిందీ తిప్పన్నే, మొదటి జడ వేసిందీ తిప్పన్నే.

ఒక ఎండాకాలం ఉదయం, బట్టలన్నీ ఆరేసి, వాటి నీడలో పడుకుని తిప్పన్న కన్నుమూశాడు. చాకలికి గుడి కడతారా, గోపురం కడతారా? ఏమీ కట్టలేదు. కానీ ఏడు ఊళ్ళ జనం వచ్చారు. అందరికీ తెలిసేట్టు ఎవరు కబురు చేశారో ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడు మళ్ళీ వానలు లేవు. ఒక కాపుకుటుంబం మూటాముల్లె సర్దుకుని వలసకి బయల్దేరింది. కాళ్ళు అలవాటుగా రేవుకి నడిచాయి. వచ్చాక గుర్తొచ్చింది, వినేవాడు లేడని. నెత్తిన మూటలతో ఊరికే నిలబడ్డారు. సిద్ధమ్మ బండ దగ్గర ఉతుకుతోంది. చేతిలో గుడ్డ పక్కన పెట్టి వచ్చింది.

"చెప్పండి," అంది.

ఎక్కడికి పోతున్నదీ, ఎన్నాళ్ళకి వచ్చేదీ, ఎవరైనా వస్తే ఏం చెప్పాలో వాళ్ళు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆమె వైపు కాకుండా తిప్పన్న ఉతికిన రాయి వైపు చూశారు. అయిపోయాక సిద్ధమ్మ అంది: "తిప్పన్న విన్నాడు. వెళ్ళిరండి."

మనవైపు బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడిగితే అపశకునం అంటారు. ఆ ఏటి ఒడ్డు ఊళ్ళల్లో అడక్కపోతేనే తప్పు. అక్కడ ఊరు మారినవాణ్ణి పోయాడు అని ఊరికే అనరు. ఫలానా చోటికి వెళ్ళాడు అని, చోటు పేరు చెప్పిగాని మాట ముగించరు. అద్దె ఇల్లు ఖాళీ చేసినా, కూలికి దేశంమీద పడినా, పసిపిల్లని పక్కింట్లో ఒక్క పూట దించినా, ముందు ముగ్గురికి చెబుతారు. మేం ఫలానా చోట ఉంటాం, మాకోసం ఎవరైనా వస్తే చెప్పండి అని. తిప్పన్న ఎవరో తెలియని చిన్నపిల్లలు కూడా, గుమ్మంలో ఎవరైనా ఆ మాట చెప్పడం వినపడితే, ఆట ఆపి లోపల్నించి జవాబు చెబుతారు.

"తిప్పన్న విన్నాడు. వెళ్ళిరండి."